చికిత్స నడుమ ఆగరాదు
క్యాన్సర్ వచ్చిన బిడ్డ కుటుంబమునకు పంచాయతీ చేయదగిన సహాయము

గ్రామములో ఒక ఇంటికి నిప్పంటుకొనినచో ఊరంతయు నీళ్ల బిందెలతో పరుగెత్తును. ఆ ఇల్లు ఎవరిది, ఏ వీధిలోనిది అని అప్పుడెవరును విచారింపరు. ఒక బిడ్డకు క్యాన్సర్ వచ్చిన ఇల్లు కూడ అట్లు కాలుచున్న ఇల్లే. కాని ఆ మంట బయటివారికి కనబడదు. అది రెండు మూడు సంవత్సరములు నెమ్మదిగా కాలును. మొదట చేతిలోని డబ్బు పోవును. పిదప తల్లి మెడలోని బంగారము తాకట్టునకు పోవును. ఆ తరువాత పాడిగేదె, దాని వెనుక అరయెకరము పొలము, చివరకు పెద్దపిల్ల చదువు, ఒకదాని వెంట ఒకటి పోవును. అన్నియు పోయిన తరువాత తండ్రి ఒకనాడు ఆస్పత్రికి పోవుట మానుకొనును. అతడు బిడ్డమీద ప్రేమలేక మానుకొనుట లేదు. చేతిలో బస్సు ఛార్జీ లేక మానుకొనుచున్నాడు.

ప్రచార కార్యక్రమములకై గ్రామములు తిరుగునపుడు ఒక సర్పంచి నన్నిట్లు ప్రశ్నించినారు: "ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కదండీ, వైద్యం ఉచితమే కదా, ఇంక పంచాయతీ చేసేదేముంది?" ఆ ప్రశ్న సహజమైనదే. దానికి సమాధానము చెప్పుటకే ఈ పాఠము వ్రాయబడినది. వైద్యము ఉచితమైనను, వైద్యము చుట్టునున్న ఖర్చు ఉచితము కాదు. ఆ ఖర్చు భరింపలేకయే అనేక కుటుంబములు చికిత్సను నడుమ విడిచిపెట్టుచున్నవి. ఆ ఖర్చులో పెద్దభాగమును తగ్గించు శక్తి గ్రామ పంచాయతీ సభ్యుల చేతిలో కలదు.

ఇది నయమగు జబ్బు

మన పెద్దలు క్యాన్సరును రాచపుండు అనిరి. ఆ పేరు వినినంతనే ఇక ఆశ లేదని తలచిరి. పిల్లల విషయములో ఆ తలంపు నేడు సరియైనది కాదు. పెద్దలకు వచ్చు క్యాన్సర్లు వేరు, పిల్లలకు వచ్చునవి వేరు. పిల్లలలో ఎక్కువగా కనబడునది రక్త క్యాన్సర్. దానిలో పుండు ఉండదు, గడ్డయు ఉండకపోవచ్చును. మెదడులోని గడ్డలు, లింఫు గ్రంథుల క్యాన్సర్, మూత్రపిండపు గడ్డ, కంటిలోని గడ్డ అనునవి తక్కిన వాటిలో ముఖ్యమైనవి. ఇవి పొగాకువలన గాని, తిండివలన గాని, తల్లిదండ్రుల తప్పువలన గాని వచ్చునవి కావు. ఒకరినుండి ఒకరికి అంటునవియు కావు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము ప్రతి సంవత్సరము సుమారు 4 లక్షలమంది పిల్లలకు, 19 ఏండ్లలోపు యువకులకు క్యాన్సర్ వచ్చుచున్నది. ధనిక దేశములలో ఇట్టివారిలో నూటికి 80 మందికిపైగా నయమగుచున్నారు. అనేక బీద దేశములలో నూటికి 30 మందికంటె తక్కువగా నయమగుచున్నారు. ఈ భేదమును తగ్గించుటకై ఆ సంస్థ 2018లో ఒక కార్యక్రమము ప్రారంభించినది. 2030 నాటికి ప్రపంచమంతటను కనీసము నూటికి 60 మంది పిల్లలు బ్రతుకవలెనని దాని లక్ష్యము.

ఇంత భేదమెందుకు? రోగము ఒక్కటే, మందులలో చాలవరకు అవే. బీద దేశములలో రోగమును ఆలస్యముగా గుర్తించుట, సరియైన ఆస్పత్రికి చేరలేకపోవుట, మొదలిడిన చికిత్సను పూర్తిచేయకుండుట ముఖ్యకారణములని వైద్యులు చెప్పుచున్నారు. ఈ కారణములలో మూడవది ప్రధానముగా డబ్బుకు సంబంధించినది. అది ఆస్పత్రిలోకంటె ఊరిలోనే తీరవలసిన సమస్య.

భీమవరము బిడ్డ ఇచ్చిన మందు

ఈ చికిత్సతో తెలుగువారికి ఒక ప్రత్యేక సంబంధము కలదు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించిరి. పేదరికము వారిని బాల్యమునుండి వెన్నాడినది. సోదరులిరువురు గ్రహణి వ్యాధితో మరణించిరి. మద్రాసు వైద్య కళాశాలలో వారి చదువు మిత్రుల సహాయముతోను, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సహాయముతోను సాగినది. అమెరికా ప్రయాణమునకు మామగారు కూర్చిన ధనము, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీ అండగా నిలిచినవి.

అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయములో సుబ్బారావుగారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును, దానికి విరుద్ధముగా పనిచేయు అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులను తయారుచేసిరి. బోస్టన్ నగరమున డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరినును రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకిచ్చి, కొందరిలో రోగము తాత్కాలికముగా తగ్గినట్లు 1948లో ప్రకటించిరి. ఆ రోగము మందుతో తగ్గగలదని లోకమునకు మొదట తెలిసినది అప్పుడే. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు మరణించిరి. మెథోట్రెక్సేట్ నేటికిని పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో వాడబడుచున్నది. నాడు కొలదికాలము మాత్రమే తగ్గిన ఆ రోగము, నేడు మంచి చికిత్స పూర్తిగా లభించు దేశములలో పదిమంది పిల్లలలో తొమ్మిదిమందివరకు నయమగుచున్నది.

ఇరుగుపొరుగువారు, బంధువులు, ఒక ధర్మసంస్థ తోడుపడినందున ఒక పేదవిద్యార్థి చదువు నడుమ ఆగలేదు. ఆ చదువునుండి ఈ మందు వచ్చినది. ఆ మందు మన జిల్లా ఆస్పత్రి మార్గముననే దొరకు ఈ కాలములో, తోడుపడువారు లేక ఒక బిడ్డ దానికి దూరమగుట మనకు తగదు.

ఖర్చు ఎక్కడినుండి పుట్టును

రక్త క్యాన్సర్ చికిత్స ఒక ఆపరేషనుతో ముగియునది కాదు. మొదటి నెల రోజులు ఆస్పత్రిలోగాని దానికి దగ్గరగాగాని ఉండవలెను. తరువాత ఆరు, ఎనిమిది నెలలు బలమైన మందులు ఎక్కించెదరు. పిమ్మట ఇంటివద్ద మాత్రలు వాడుచు, నియమితముగా రక్తపరీక్షలకు పోవుచుండవలెను. మొత్తము కాలము రెండునుండి మూడు సంవత్సరములు.

ఒక కౌలురైతు కుటుంబమును ఊహించుకొందము. వారి ఏడేండ్ల కుమారునకు రక్త క్యాన్సర్. ఆస్పత్రి 200 కిలోమీటర్ల దూరమున కలదు. ఒక్కొక్క ప్రయాణమునకు తండ్రి బస్సు ఛార్జీ రానుపోను 600 రూపాయలు, బాలుని అరటిక్కెట్టు 300, ఆటోకు, భోజనమునకు 600, రెండు దినముల కూలినష్టము 1,000 అనుకొందము. మొత్తము 2,500 రూపాయలు. మొదటి సంవత్సరమున 40 ప్రయాణములైనచో లక్ష రూపాయలు. ఆస్పత్రివారు ఒక్క రూపాయియు తీసికొనలేదు. అయినను లక్ష ఖర్చయినది.

ఆ లక్ష వారికి ఎక్కడిది? నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి తెచ్చినదని అనుకొందము. నెలకు వడ్డీ 3,000. ముప్పది నెలలకు 90,000. బిడ్డ చికిత్స ముగియునప్పటికి వడ్డీయే ఇంచుమించు అసలుతో సమానమగుచున్నది. అదే అప్పు స్వయం సహాయక సంఘము ద్వారా నూటికి రూపాయి వడ్డీకి లభించినచో వడ్డీ 30,000 మాత్రమే. ఒక్క మాటసాయముతో, ఒక్క సంఘ సమావేశముతో ఆ ఇంటికి 60,000 రూపాయలు మిగులును.

పై అంకెలు లెక్క తెలియుటకు వేసినవి మాత్రమే. ప్రతి సభ్యుడును తన గ్రామపు దూరమును, ఛార్జీలను, వడ్డీని వేసి ఈ లెక్కను మరల చేసికొనవలెను. అప్పుడుగాని ఆ కుటుంబము మోయుచున్న బరువు ఎంతటిదో తెలియదు.

ఈ లెక్కలో చేరని ఖర్చులు మరికొన్ని కలవు. మందులు ఎక్కించుకొను బిడ్డకు గుడ్లు, పాలు, పప్పు బాగుగా పెట్టవలెను. నీరు కాచి ఇయ్యవలెను. రోగనిరోధకశక్తి తగ్గియుండును గనుక జ్వరము వచ్చినచో తెల్లవారువరకు వేచియుండరాదు, ఆ రాత్రియే ఆస్పత్రికి చేర్చవలెను. అర్ధరాత్రి వాహనము, చేతిలో కొంత డబ్బు లేని ఇంటికి ఆ జ్వరమే ప్రాణాంతకము కావచ్చును.

రోగము నిర్ధారణ కాకమునుపే డబ్బు పోవుచుండుట కూడ గమనింపవలెను. విడువని జ్వరము, రక్తము తగ్గి పాలిపోవుట, కారణములేని కమిలిన మచ్చలు, ఎముకల నొప్పితో నడువలేకుండుట, మెడలోగాని పొట్టలోగాని గడ్డ, కంటిపాపలో తెల్లని మెరుపు, ఉదయమున తలనొప్పితో వాంతులు, వీనిలో ఏదైన రెండు వారములకుమించి నిలిచినచో బిడ్డను ప్రభుత్వ ఆస్పత్రిలోని పిల్లల వైద్యునకు చూపవలెను. అట్లు చూపక చెట్టుమందులకు, తాయెత్తులకు, ఊరూర వైద్యులకు తిరుగు కుటుంబము అసలు చికిత్స మొదలగునప్పటికే అప్పులలో పడియుండును.

ఏయే సహాయములు కలవు

మొదటిది రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము. ఆరోగ్యశ్రీ 2007లో మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై, పిదప రాష్ట్రమంతటికి వ్యాపించినది. తెలంగాణలో అది ఆ పేరుననే నడచుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేర నడచుచున్నది. 2023 డిసెంబరులో కుటుంబమునకు సంవత్సరమునకిచ్చు గరిష్ఠ పరిమితి తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచబడినది. క్యాన్సరుకు ఆపరేషన్, కిరణ చికిత్స, మందుల చికిత్స మూడును దీనిలో చేరియున్నవి. పథకమునకు చెందిన ప్రతి ఆస్పత్రిలోను రోగులకు దారిచూపు మిత్ర యొకరు ఉందురు. కుటుంబము మొదట కలిసికొనవలసినది వారినే. భోజనము, తిరుగు ప్రయాణము, పథకములో చేరని పరీక్షల విషయము కూడ వారినే అడిగి తెలిసికొనవలెను. సందేహములకు 104 నంబరు కలదు.

రెండవది కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్. ఇది 2018 సెప్టెంబరు 23న ప్రారంభమైనది. అర్హతగల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు చికిత్స. పొరుగు రాష్ట్రపు ఆస్పత్రికి పోవలసివచ్చినచో ఆ ఆస్పత్రి ఈ పథకములో చేరియున్నదో లేదో 14555 నంబరులో ముందుగా విచారింపవలెను.

మూడవది సహాయనిధులు. ముఖ్యమంత్రి సహాయనిధికి స్థానిక శాసనసభ్యుని కార్యాలయము ద్వారా దరఖాస్తు పంపుట వాడుక. 1948లో ఏర్పడిన ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి కూడ క్యాన్సర్ చికిత్సకు కొంత ధనము ఇచ్చుచున్నది. ఇతర పథకములు వర్తింపని నిరుపేదలకై కేంద్ర ఆరోగ్యశాఖవారి రాష్ట్రీయ ఆరోగ్య నిధిలో భాగముగా 2009లో ఆరోగ్యమంత్రి క్యాన్సర్ రోగుల నిధి ఏర్పడినది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆస్పత్రివంటి ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రముల ద్వారా దానికి దరఖాస్తు చేసికొనవలెను.

నాలుగవది ప్రయాణ సౌకర్యము. ఆరోగ్యకార్డు తెలిసిన కుటుంబములకు కూడ ఇది తెలియదు. చికిత్సకై రైలులో పోవు క్యాన్సర్ రోగికి స్లీపరు తరగతిలోను, మూడవ ఏ.సి. తరగతిలోను టిక్కెట్టు పూర్తిగా ఉచితము. తోడుపోవు ఒకరికి ఆ తరగతులలో నూటికి 75 వంతులు తగ్గింపు కలదు. దీనికి ఆస్పత్రివారు రైల్వే నమూనాలో ఇచ్చు ధ్రువపత్రము కావలెను. బస్సులలో స్త్రీలకు, బాలికలకు తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి నిర్ణయింపబడిన తరగతుల ఆర్.టి.సి. బస్సులలో ఆయా రాష్ట్రపు పరిధిలో ఉచిత ప్రయాణము ఏర్పడినది. పైన చెప్పిన కౌలురైతు ఇంటిలో తండ్రికి బదులు తల్లి తోడుపోయినచో ప్రయాణమునకు 600 చొప్పున 40 ప్రయాణములకు 24,000 రూపాయలు మిగులును. రోగి బాలిక అయినచో ఆమె ఛార్జీయు మిగులును. తల్లి గుర్తింపుకార్డును వెంట ఉంచుకొనిన చాలును.

ఐదవది వసతి. దూరమునుండి వచ్చు క్యాన్సర్ బిడ్డలకు, తల్లిదండ్రులకు చికిత్సకాలమున ఉచిత వసతినిచ్చు ధర్మసంస్థలు కలవు. 2006లో ముంబాయిలో ఆరంభమైన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ వానిలో ఒకటి. హైదరాబాదులోను దానికి వసతిగృహము కలదు. బలమైన మందులు ఎక్కించు నెలలలో ఇట్టిచోట ఉండగలిగినచో, పై లెక్కలోని 40 ప్రయాణములు 10కి తగ్గినను ఖర్చు లక్షనుండి 25,000లకు దిగును. చోటు పరిమితముగా ఉండును గనుక చికిత్స మొదలైన దినమే ఆస్పత్రిలోని సాంఘిక కార్యకర్తను అడుగవలెను. 1951లో స్థాపింపబడిన ఇండియన్ క్యాన్సర్ సొసైటీవంటి సంస్థల ధనసహాయము కూడ ఆ కార్యకర్త ద్వారానే లభించును.

ఇక ఎక్కడికి పోవలెను అను ప్రశ్న. ముంబాయిలోని టాటా స్మారక ఆస్పత్రి 1941లో స్థాపింపబడినది. దాని కీర్తిని విని మనవారు అంతదూరము పోవుచున్నారు. అదే టాటా స్మారక కేంద్రమునకు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి విశాఖపట్టణము సమీపమున అగనంపూడిలో కలదు. దేశములోని క్యాన్సర్ ఆస్పత్రులు 2012 నుండి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ అను కూటమిగా ఏర్పడి, అన్నిచోట్ల ఒకే ప్రమాణపు చికిత్స ఇచ్చుటకు ప్రయత్నించుచున్నవి. జిల్లా ఆస్పత్రులన్నిటిలో మూడేండ్లలో దినచికిత్సా క్యాన్సర్ కేంద్రములు ఏర్పరచుటకు 2025-26 కేంద్ర బడ్జెట్టులో సంకల్పము ప్రకటింపబడినది. కావున పెద్ద ఆస్పత్రిలో చికిత్స నిర్ణయమైన పిదప, "రక్తపరీక్షలు, చిన్న ఇంజెక్షన్లు మా జిల్లాలోనే చేయించుకొనవచ్చునా?" అని వైద్యుని అడుగుట ప్రతి కుటుంబము నేర్చుకొనవలసిన ప్రశ్న. వైద్యుడు ఒప్పుకొనినచో సగము ప్రయాణములు తగ్గును.

పంచాయతీ చేయవలసిన పనులు

పంచాయతీ నిధులు నిబంధనలకు లోబడినవి. వానినుండి ఒక ఇంటికి డబ్బు ఈయవచ్చునా అను చర్చలో కాలము పోగొట్టుకొనరాదు. కాగితము, మాట, పరిచయము అను మూడును పంచాయతీకి గల మరియొక నిధి. దానిని ఈ క్రింది విధముగా వినియోగింపవచ్చును.

1. కాగితములు ముందే సరిచేయుట. కార్డు ఉన్నను అందులో బిడ్డ పేరు లేకపోవుటచేత, ఆధారులో ఒక పేరు, రేషను కార్డులో మరియొక పేరు ఉండుటచేత మొదటి దినముననే ఆటంకము కలుగును. జననముల నమోదు గ్రామములో పంచాయతీ కార్యదర్శి పని. 21 దినములలోపల నమోదైన జననమునకు రుసుము లేదు. గ్రామసభలో సంవత్సరమునకు ఒకసారి, "మీ రేషను కార్డులో పిల్లలందరి పేర్లు చేరినవా?" అని అడిగి, చేరనివానిని చేర్పించినచో, ఏ ఇంటికి ఎప్పుడు ఏ కష్టము వచ్చినను ఆ మేలు నిలిచియుండును.

2. ఒక సభ్యుని బాధ్యుని చేయుట. అందరి పని ఎవరి పనియు కాదు. రోగము తెలిసినవెంటనే ఒక సభ్యుని లేక సభ్యురాలిని ఆ కుటుంబమునకు తోడుగా నియమింపవలెను. ఆశా కార్యకర్తతో కలిసి వారు ఒక సంచి సిద్ధము చేయించవలెను. రేషను కార్డు, బిడ్డ, తల్లిదండ్రుల ఆధారు కార్డులు, జనన పత్రము, బ్యాంకు పుస్తకము, పరీక్షల కాగితములు అందులో ఉండవలెను. ఒక్కొక్కదానికి రెండు నకళ్లు తీయించి, ఒక ప్రతి ఊరిలోనే ఉంచవలెను.

3. తేదీల పట్టిక. ఆస్పత్రికి పోవలసిన తేదీలను బాధ్యుడు వ్రాసికొనవలెను. నాలుగు వారములు వరుసగా చికిత్స తప్పినచో దానిని చికిత్స విడిచిపెట్టుటగా వైద్యులు లెక్కించుచున్నారు. మనము అంతవరకు ఆగరాదు. ఒక్క తేదీ తప్పినను ఆ సాయంకాలమే ఆ ఇంటికి పోయి, నిందింపక, కారణమడుగవలెను. కారణము ఛార్జీయా, కోతల పనియా, బంధువుల మాటలా అని తెలిసినచో దారి దొరకును.

4. బాగుగా కనబడు కాలమున మరింత జాగ్రత్త. చికిత్సలో కొన్ని నెలలైన తరువాత బిడ్డ జుట్టు మరల పెరుగును, బుగ్గలు నిండును, ఆటలకు పోవును. "ఇక నయమైనది, మాత్రలెందుకు?" అని ఇంటివారు తలచుట అప్పుడే. అప్పులు పెరిగియుండునదియు అప్పుడే. కాని కనబడక దాగియున్న రోగమును ఆ మాత్రలే అణచియుంచును. వానిని ఆపినచో రోగము తిరిగి వచ్చును. రెండవసారి చికిత్స మరింత కష్టము, ఖర్చును ఎక్కువ. మాత్రలు ముగియువరకు పంచాయతీ దృష్టి ఆ ఇంటిపైననే ఉండవలెను.

5. అప్పు మార్చుట. పెద్ద వడ్డీకి అప్పుచేయకముందే గ్రామ మహిళా సంఘమును సమావేశపరచి, తల్లి సభ్యురాలైనచో ఆమెకు ఋణము త్వరగా అందునట్లు చేయవలెను. పూర్వపు అప్పులిచ్చినవారితో సర్పంచి మాట్లాడి, చికిత్స ముగియువరకు వడ్డీ నిలుపుదలకు, గడువుకు ఒప్పింపవచ్చును. పెద్దమనుషుల మాట ఊరిలో విలువగలది. ఇట్టి కార్యమునకు దానిని వాడవలెను.

6. పని, పొలము. తండ్రి ఆస్పత్రిలో ఉన్న దినములలో అతని మడికి నీరు కట్టుట, గేదెకు మేత వేయుట, కోతకు మనుషులను పంపుట డబ్బులేని సహాయములే అయినను డబ్బుకంటె మిన్న. ఆ దినములలో ఇంటనున్న తక్కిన పిల్లలకు ఎవరి ఇంట భోజనము అను విషయమును కూడ ముందే నిర్ణయింపవలెను.

7. బడి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రాథమిక విద్య పూర్తియగువరకు ఏ బిడ్డను బడినుండి తొలగింపరాదు. ప్రధానోపాధ్యాయునితో మాట్లాడి రోగియైన బిడ్డ పేరు పట్టికలో నిలుచునట్లు, పాఠములు ఇంటికి అందునట్లు చూడవలెను. అంతకంటె ముఖ్యముగా, అక్క గాని అన్న గాని చదువు మాని కూలికి పోకుండ కాపాడవలెను. ఒక బిడ్డ రోగమునకు మరియొక బిడ్డ భవిష్యత్తు ఖర్చు కారాదు.

8. రాత్రి వాహనము. 108 నంబరును గోడమీద వ్రాయించుటతోపాటు, ఊరిలో వాహనముగల ఇద్దరి పేర్లు ముందే నిశ్చయించి ఉంచవలెను. చందాలు వసూలుచేసినచో బాధ్యుడు పుస్తకములో లెక్కవ్రాసి, గ్రామసభలో చదివి వినిపింపవలెను. లెక్క తెలియని సహాయము రెండవసారి రాదు.

చేయరాని పనులు

బిడ్డ ఫోటోను కుటుంబపు అనుమతి లేక ఫోనులలో పంపి చందాలడుగరాదు. ఆ బిడ్డ రేపు నయమై, ఇదే ఊరిలో పెరిగి, చదువుకొని, పెండ్లి చేసికొనవలసిన బిడ్డ. ఆడపిల్లకు ఈ రోగము వచ్చినచో, "దీనికింత ఖర్చెందుకు?" అను మాట కొన్ని ఇండ్లలో పుట్టును. ఆ మాట బయటికి రాకముందే మహిళా సభ్యులు ఆ ఇంటికి పోవలెను. రోగము అంటునని చెప్పి బిడ్డను అంగన్‌వాడీకిగాని, శుభకార్యములకుగాని రానీయకుండుట అజ్ఞానము. అయితే బలమైన మందులు నడచుచున్న కాలమున గుంపులలో తిరుగుట బిడ్డకే హానికరము. ఈ భేదమును ఊరివారికి తెలియజెప్పవలెను.

పదునెనిమిదేండ్లు దాటిన విద్యార్థులను, క్రొత్తగా పనిలో చేరిన యువకులను మరువరాదు. పిల్లలకై ఏర్పడిన ధర్మసంస్థలలో కొన్ని వయోపరిమితివలన వారికి ఉపయోగపడవు. వారి సంపాదనమీదనే ఇల్లు నడచుచుండవచ్చును. కళాశాలలో హాజరు తగ్గి ఉపకారవేతనము ఆగవచ్చును. వారి తరపున కళాశాల అధ్యక్షునకు, యజమానికి ఒక్క ఉత్తరము వ్రాయుట పంచాయతీకి కష్టము కాదు.

ముగింపు

ఆ సర్పంచిగారు అడిగిన ప్రశ్నకు ఇదియే సమాధానము. కార్డు ఆస్పత్రి ద్వారము తెరచును. ఊరినుండి ఆ ద్వారమువరకు, ఒకసారి కాదు, ముప్పది నెలలపాటు మరల మరల పోవుటకు మార్గము వేయవలసినది మనము. చెరువుకట్ట తెగకుండ కాపలా కాయుట మన గ్రామములకు క్రొత్తకాదు. వర్షకాలమంతయు వంతులు వేసికొని కాచుదుము. ఒక బిడ్డ చికిత్స తెగకుండ అట్లు వంతులు వేసికొని కాచినచో, ఆ బిడ్డ బ్రతుకును, ఆ ఇల్లును నిలుచును.

చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామమునుండి క్యాన్సర్ చికిత్సగల సమీప ఆస్పత్రి ఎంత దూరము? ఒక్క ప్రయాణమునకు ఇద్దరికి ఎంత ఖర్చు? సంవత్సరమునకు ఎంత?

2. రేషను కార్డులో పేరు చేరని పిల్లలు మన గ్రామములో ఎందరు? ఎప్పటిలోగా చేర్పించగలము?

3. మన ఊరిలో నేడు నడచుచున్న వడ్డీ ఎంత? మహిళా సంఘము ఎంతకు ఈయగలదు?

4. గత ఐదేండ్లలో మన గ్రామములో ఏ కుటుంబమైన దీర్ఘవ్యాధి చికిత్సను నడుమ విడిచిపెట్టినదా? కారణమేమి? మనము అప్పుడు ఏమి చేయగలిగియుందుము?

5. ఈ పని బాధ్యత తీసికొనుటకు ముందుకు వచ్చు సభ్యులెవరు? వారి పేరు ఈ సమావేశపు మినిట్సు పుస్తకములో వ్రాయుడు.